దిష్టి తగిలి కాదు, దెబ్బలు తగిలి

ఆక్వేరియంలో చేప చచ్చిపోతే మన ఇళ్ళల్లో ఎవరూ బాధపడరు. పైగా అదో ఊరట. "పోనీలే, మన మీదికి రావాల్సింది అది పట్టుకుపోయింది" అంటుంది అత్తగారు. "దిష్టంతా లాగేసింది" అంటాడు ఇంటాయన. వలతో తీసి, కవర్లో చుట్టి, పొద్దున్నే వచ్చే చెత్తబండిలో వేసేస్తారు. ఆదివారం ఇంకోటి తెస్తారు. చచ్చిన చేప తోక పీలికలై ఉందని, పక్కన పొలుసులు ఊడి ఎర్రగా గీరుకుపోయి ఉందని, ఒక కన్ను లేదని ఎవరూ చూడరు. చూసినా అదీ దిష్టి చేసిన పనే అనుకుంటారు.

దిష్టి కాదండీ. దాన్ని పక్క చేప చంపింది. ఆ చేపను తెచ్చి దీని పక్కన వదిలింది మీరు. పారిపోయే దారి లేకుండా నాలుగు వైపులా అద్దం బిగించి, పైన లైటు వేసి, సోఫాలో కూర్చుని చూసింది కూడా మీరే.

నేను మాట్లాడుతున్నది సిక్లిడ్‌ల గురించి. పేరు కొత్తగా అనిపించొచ్చు గానీ చేపలు మీకు తెలిసినవే. హోటల్ రిసెప్షన్లో నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో తిరిగే ఆస్కార్, నుదుటి మీద బుడిపె ఉన్న ఫ్లవర్‌హార్న్, నోరు మూతపడని ఎర్ర పేరట్, త్రికోణంలా ఉండే ఏంజెల్, పళ్ళెంలా గుండ్రంగా ఉండే డిస్కస్, షాపుల్లో 'మిక్స్‌డ్ ఆఫ్రికన్' పేరుతో కలిపి అమ్మే పసుప్పచ్చ, నీలం, చారల చేపలు, ఇవన్నీ ఒకే కుటుంబం. చేపల మార్కెట్లో కిలోల లెక్కన దొరికే తిలాపియాదీ అదే కుటుంబం. ఇప్పటిదాకా శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టినవే 1,700కు పైగా ఉన్నాయి. వీటిలో చాలావాటికి రెండు గుణాలు కలిసి వస్తాయి. పిల్లల్ని కనిపెట్టుకుని పెంచుతాయి, తమ చోటును తమదిగా కాపాడుకుంటాయి. గుడ్లకు కాపలా కాసే చేపే దగ్గరికొచ్చినవాటిని తరుముతుంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు జాతుల్లో తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని మూడు వారాల పాటు దాదాపు మేత ముట్టకుండా మోస్తుంది. డిస్కస్ పిల్లలు ఈదడం మొదలుపెట్టిన కొత్తల్లో తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును తిని బతుకుతాయి. అంత బాధ్యత ఉన్న ప్రాణిని మనం షోకేసు బొమ్మల వరుసలో పెట్టాం.

సరస్సులో, నదిలో ఇవి కొట్టుకోవా అంటే, కొట్టుకుంటాయి. కానీ అక్కడి కొట్లాటకు ఒక పద్ధతి ఉంది. ముందు ఒంటి రంగు ముదురుతుంది. రెక్కలు విచ్చుకుంటాయి. మొప్పల మూతలు తెరిచి తలను పెద్దది చేసి చూపిస్తాయి. పక్కపక్కన నిలబడి తోకతో నీటిని ఎదుటిదాని మీదికి తోస్తాయి. ఒంటి పక్కన ఉండే సన్నటి గీతతో ఆ తోపుడును పసిగట్టి, ఎదుటిదానికి ఎంత బలముందో అది లెక్క వేసుకుంటుంది. అప్పటికీ తేలకపోతే నోరూ నోరూ పట్టుకుని గుంజుకుంటాయి. ఓడింది రెక్కలు ముడిచి, రంగు దించుకుని, తన దారిన వెళ్ళిపోతుంది. గెలిచింది కాస్త దూరం తరిమి వెనక్కి తిరుగుతుంది. అంతటితో తగువు తీరిపోతుంది. చాలాసార్లు ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం కూడా ఉండదు.

మరి రెండడుగుల ట్యాంకులో ఓడిన చేప ఎక్కడికి పోవాలి? అది రెక్కలు ముడుస్తుంది. రంగు దించుకుంటుంది. ఓటమి ఒప్పుకోవడానికి చేయాల్సినవన్నీ చేస్తుంది, వెళ్ళిపోవడం తప్ప. ఎటు తిరిగినా అద్దమే. గెలిచిన చేపకు ఓడింది ఇంకా కళ్ళెదుటే కనిపిస్తుంటుంది. కనిపిస్తోందంటే ఇంకా తగ్గలేదని దాని లెక్క. మళ్ళీ కొడుతుంది. మధ్యాహ్నం కొడుతుంది, మీరు సీరియల్ చూస్తుండగా కొడుతుంది, మర్నాడు పొద్దున లైటు వేయగానే కొడుతుంది. అక్కడైతే కొన్ని నిమిషాల్లో తెగిపోయే తగువు ఇక్కడ ఒకటి చచ్చేదాకా తెగదు. ఈ హత్యలో ఆయుధం చేప పళ్ళు కావు, అద్దం.

ఇందాక నోరూ నోరూ పట్టుకుంటాయన్నాను కదా. దాన్ని వీడియో తీసి, వెనకాల ప్రేమపాట పెట్టి, 'మా చేపలు ముద్దులాడుకుంటున్నాయి' అని వదులుతున్నారు జనం. కింద వరసగా ఎర్ర గుండెల బొమ్మలు. ఒకటి రెండోదాని దవడ పీకేస్తోందని చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. చెప్పినా "నీకు ప్రతిదాంట్లో తప్పే కనిపిస్తుందా" అంటారు. తరుముతుంటే ఆడుకుంటున్నాయంటారు. ఒక మూలన కదలకుండా ఉంటే నిద్రపోతోందంటారు. పిల్లలు సరిగ్గానే అడుగుతారు, "నాన్నా, అది ఎందుకు అక్కడే ఉంది?" అని. నిద్రపోతోందమ్మా అని అబద్ధం చెప్పేది మనమే. హీటరు వెనకో, ఫిల్టరు పైపు పక్కనో, నీటి పైఅంచుకు ఆనుకుని, తల పైకెత్తి నిలబడి ఉంటుందే ఆ చేప, అది నిద్రపోవడం లేదు. ట్యాంకు మొత్తంలో ఎవరి కంటా పడకుండా దానికి మిగిలిన చోటు అదొక్కటే. కిందికి దిగితే దెబ్బ పడుతుంది. అందుకే మేతకూ రాదు. రంగు వెలిసిపోతుంది, పొట్ట లోపలికి పోతుంది, రెక్కలు కుళ్ళడం మొదలవుతుంది. ఇదంతా రోజుల తరబడి, ఇంటిల్లిపాదీ భోంచేసే బల్లకు రెండు గజాల దూరంలో జరుగుతుంది.

మా నగరంలో ఓ పెద్ద ఆసుపత్రి ఉంది. రోగుల తాలూకు మనుషులు కూర్చునే హాల్లో గోడ పొడవునా ఆక్వేరియం పెట్టారు, మనసుకు ప్రశాంతత కలుగుతుందని. లోపల రెండు పెద్ద ఆస్కార్లు, ఒక ఫ్లవర్‌హార్న్, కొన్ని పేరట్లు. ఒక పేరట్‌కు తోక సగమే ఉంది, పక్కన పచ్చి పుండు. కౌంటర్లో ఉన్న అమ్మాయికి చెప్పాను. ఆమె తల ఎత్తి చూసింది, చేప వైపు కాదు, నా వైపు. "మెయింటెనెన్స్ వాళ్ళు నెలకోసారి వస్తారండీ, చెప్తాం" అంది. పుండ్లు కడగడానికి, కట్లు కట్టడానికి అన్ని అంతస్తులు కట్టిన చోట, ఆ ఒక్క పుండును చూసే బాధ్యత ఎవరిదీ కాదు. ఆ అమ్మాయిని ఏమనగలను? ఆ ట్యాంకు కింద కూర్చున్న యాభై మందిలో ఎవరికీ పట్టలేదు. వాళ్ళ ఆందోళనలు వాళ్ళవి, ఒప్పుకుంటాను. మరి దాన్ని అక్కడ పెట్టించిన మేనేజ్‌మెంటుకు ఏ ఆందోళన అడ్డొచ్చింది?

షాపుల సంగతికి వద్దాం. రెండంగుళాల ఆస్కార్ పిల్లను, అరచేతిలో పట్టే ముద్దుగుమ్మను, రెండడుగుల ట్యాంకుతో కలిపి అమ్ముతారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచులదాకా నింపినా 56 లీటర్లు. సరిగ్గా మేత పెడితే ఆ పిల్ల ఏడాది తిరిగేసరికి పది అంగుళాలకు చేరుతుంది. అడుగు వెడల్పున్న పెట్టెలో పది అంగుళాల చేప వెనక్కి తిరగాలంటే ఒళ్ళు వంచుకోవాలి. పదేళ్ళకు పైగా బతకగల ప్రాణి అది. ఒక్క ఆస్కార్‌కు నాలుగడుగుల ట్యాంకు, దగ్గర దగ్గర మూడు వందల లీటర్ల నీళ్ళు కావాలని షాపతనికి తెలుసు. చెబితే మీరు కొనరనీ తెలుసు. "ట్యాంకును బట్టే పెరుగుతుందన్నా, ఏం కాదు" అంటాడు. ట్యాంకును బట్టి పెరగదు. మురికి నీళ్ళలో, ఇరుకులో ఎదుగుదల కుంటుపడి, లోపలి అవయవాలు చెడి, ముందే చచ్చిపోతుంది. దాన్నే ఇతను 'ఏం కాదు' అంటున్నాడు.

"కొట్టుకుంటున్నాయి భయ్యా" అని ఫోన్ చేస్తే రెండో మంత్రం వస్తుంది. "రెండ్రోజులు కొట్టుకుంటయ్, తర్వాత సెట్ అయితయ్." అవును, సెట్ అవుతాయి. ఒకటి మిగిలాక.

మూడో మంత్రం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. "ఆఫ్రికన్‌లు ఎక్కువ వెయ్యన్నా, తక్కువుంటేనే కొట్టుకుంటయ్." మలావీ సరస్సు చేపలను పెంచడంలో చెయ్యి తిరిగినవాళ్ళు నిజంగానే ట్యాంకును కాస్త కిక్కిరిసేలా నింపుతారు. దెబ్బలన్నీ ఒక్కదాని మీదే పడకుండా పదింటి మీద పంచుకుపోతాయని. కానీ వాళ్ళది నాలుగైదు అడుగుల ట్యాంకు. అడుగు నుంచి పైదాకా రాళ్ళు పేర్చి, ఒకదానికొకటి కనబడకుండా గుహలు కడతారు. మగవి తక్కువ, ఆడవి ఎక్కువ ఉండేలా చూస్తారు. ఒకేలా కనిపించే రంగుల జాతులను కలపరు. ఫిల్టర్ ఒకటి చాలినచోట రెండు పెడతారు. వారం వారం మూడో వంతు నీళ్ళో, సగం నీళ్ళో మారుస్తారు. ఇందులో ఒక్క ముక్క కూడా షాపతను చెప్పడు. 'ఎక్కువ వెయ్యన్నా' ఒక్కటే చెబుతాడు, అది అతనికి లాభం కాబట్టి. కొత్త ట్యాంకులో, ఇంకా మేలు చేసే బాక్టీరియా కూడా పెరగని నీళ్ళలో, పదిహేను చేపలు ఒకేసారి దిగుతాయి. వాటి విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా మొప్పలను కాలుస్తుంది. ఆ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు నాలుగో రోజే పైకొచ్చి నోరు తెరుస్తాయి. కంగారుగా ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద క్లోరిన్ నీళ్ళతో ఉతికి, అరకొరగా పుట్టిన ఆ బాక్టీరియాను కూడా చంపేసి మళ్ళీ నింపుతారు. తర్వాత ఏమంటారో మీకు తెలుసు. మా ఇంటికి చేపలు అచ్చిరావు, అంటారు.

ఫ్లవర్‌హార్న్ గురించి రాయాలంటే చేతులు వణుకుతాయి. ఈ చేప ఏ నదిలోనూ లేదు. 1990లలో మలేషియా వ్యాపారులు అమెరికా ఖండపు సిక్లిడ్‌లను ఒకదానితో ఒకటి కలిపి తయారు చేశారు. నుదుటి బుడిపె ఎంత పెద్దదైతే అంత అదృష్టం, ఒంటి మీది నల్ల మచ్చలు అంకెల్లా కనిపిస్తే లక్ష్మీదేవి నడిచొచ్చినట్టే అని కథ కట్టారు. మనవాళ్ళు దానికి వాస్తు కలిపారు. బంగారు కొట్లలో, రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో, గల్లా పెట్టె పక్కన ఖాళీ ట్యాంకులో ఒక్క చేప. దాచుకోవడానికి ఒక్క రాయి ఉండదు, రాయి ఉంటే బుడిపెకు గీత పడుతుందట. కోపం వస్తే బుడిపె పెరుగుతుందని అద్దానికి ఇవతల ఇంకో అద్దం పెట్టి దానికి దాని నీడనే శత్రువుగా చూపిస్తారు. రోజూ రెచ్చగొడతారు. మన జాతకం బాగుపడాలని ఒక ప్రాణి రోజంతా లేని శత్రువుతో కొట్లాడాలి!

పేరట్ సంగతి ఇంకా ఘోరం. ఇదీ మనిషి కలిపి చేసిన సంకరమే, 1980లలో తైవాన్ నుంచి వచ్చింది. దాని నోరు పుట్టుకతోనే వంకర, పూర్తిగా మూసుకోదు. మేతను గొంతులోని పళ్ళతో నలుపుకోవాలి. ఒంటి ఆకారమే గూనిలా ఉండటంతో ఈత కూడా అంతంతమాత్రమే. కొన్నిటికి తోక కత్తిరించి 'లవ్ హార్ట్' అని అమ్మారు, కొన్నిటికి రంగులెక్కించి అమ్మారు. కొట్లాటలో సిక్లిడ్‌కు ఉన్న ఆయుధం నోరు. నోరే సరిగా లేని దాన్ని తీసుకెళ్ళి, కొట్లాట కోసమే తయారుచేసినట్టున్న ఫ్లవర్‌హార్న్ పక్కన వేస్తున్నారు. ఎందుకు? ఎరుపు పక్కన ఎరుపు బాగుంటుందని.

"వాటి స్వభావమే అంత, మనమేం చేస్తాం" అనేవాళ్ళున్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అమెరికాలో రొనాల్డ్ ఓల్డ్‌ఫీల్డ్ అనే పరిశోధకుడు మిడాస్ సిక్లిడ్ పిల్లలను రకరకాల ట్యాంకుల్లో ఉంచి చూసి 2011లో ఆ వివరాలు ప్రచురించాడు. ఇళ్ళల్లో మామూలుగా ఉండే చిన్న ట్యాంకుల్లో అవి తెగ కొట్టుకున్నాయి. బాగా పెద్దగా, దాక్కునే చోట్లున్న ట్యాంకులో దాడులు తగ్గాయి. చేపలు అవే, స్వభావమూ అదే. మారింది చోటు. అంతకన్నా ఎంతో ముందు, 1963లో వెలువడిన పుస్తకంలో జంతువుల ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ ఇంకో సంగతి రాశాడు. ఒక సిక్లిడ్ జతను మాత్రమే ఒక ట్యాంకులో పెడితే, తరమడానికి పొరుగువాళ్ళు లేక, మగది తన ఆడదాని మీదే విరుచుకుపడుతుందని. అంటే వీటికి పొరుగు ఉండాలి, పొరుగుకూ తనకూ మధ్య దూరమూ ఉండాలి. మనం రెండూ ఇవ్వం. ఇవ్వకుండా రౌడీ చేప అని పేరు పెడతాం.

పోనీ వీటికి బుర్ర లేదా, మూడు సెకన్లలో మర్చిపోతాయా? 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రస్సెల్ ఫెర్నాల్డ్ బృందం టాంగన్యీకా సరస్సు ప్రాంతపు సిక్లిడ్‌లకు ఇతర మగచేపల కొట్లాటలు అద్దం వెనక నుంచి చూపించింది. 'అ' 'ఆ'ను ఓడించింది, 'ఆ' 'ఇ'ని ఓడించింది, ఇలా వరసగా. తర్వాత ఎన్నడూ తలపడని రెంటిని ఎదురుగా పెడితే, ఏది బలహీనమో ఊహించి దాని దగ్గరికే వెళ్ళింది చూస్తున్న చేప. ఎవరు ఎవరిని కొట్టగలరో చూసి, గుర్తుపెట్టుకుని, లెక్కగట్టుకునే ప్రాణి ఇది. మూలన నక్కిన చేపకు తన పరిస్థితి తెలియదనుకోవడం మనకు సుఖంగా ఉంటుంది, అంతే.

కలిసి బతకడం వీటికి చేతకాదా? మన నీళ్ళలోనే చూడండి. భారతదేశానికి సొంత సిక్లిడ్‌లు మూడు జాతులు. వాటిలో ఒకటి కేరళవాళ్ళు కరిమీన్ అని వండుకునేది, 2010లో వాళ్ళ రాష్ట్ర చేప అయింది. మన కోస్తాలో కొన్నిచోట్ల దువ్వెన చేప అంటారు. రెండోది దానికన్నా చిన్నది, నారింజ రంగుది. చిన్నది పెద్దదాని ఒంటి మీది పురుగులను ఏరి తింటుందని, పెద్దది దానికి ఒళ్ళప్పగించి నిలబడుతుందని 1972లో వైమన్, వార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. అదే చిన్నది అదను దొరికితే పెద్దదాని గుడ్లనూ తింటుంది. స్నేహమూ ఉంది, తగువూ ఉంది, ఉప్పుటేరులో రెంటికీ చోటుంది. ఈ దేశపు చేప గురించి ఈ దేశపు ఆక్వేరియం షాపుల్లో అడిగితే వింతగా చూస్తారు. దాని అందం మనకు పులుసులోనే కనిపిస్తుంది.

చట్టం లేదా అంటే ఉంది, నవ్వొచ్చేంత ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువే. చేప కూడా. కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పెట్టెలో ప్రాణిని బంధిస్తే సెక్షన్ 11 కింద నేరం. మొదటిసారి అయితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. చేపల మేత చిన్న డబ్బా ఖరీదు కూడా కాదు. 2017 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ ఆక్వేరియం షాపులకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. వ్యాపారులు గగ్గోలు పెట్టారు, తర్వాత వెనక్కి తీసుకుంది. ఆ నిబంధనల్లో అతి కొంత ఉంది, నిజమే. అతిని కత్తిరించి మిగతాది ఉంచొచ్చు కదా? ఉంచలేదు. 2020లో మొదలైన మత్స్య సంపద యోజనలో అలంకార చేపల పెంపకానికి సబ్సిడీ మాత్రం ఉంది. పెంచడానికి డబ్బిస్తారు. ఆ చేప ఎంత పెరుగుతుందో, దేనితో కలపకూడదో ట్యాంకు మీద ఒక కాగితం అంటించమని షాపువాడిని అడగడానికి నోరు రాదు. ఒక్క కాగితం. దానికి ఖర్చెంత?

పెరిగి ట్యాంకు చాలకపోయిన చేపలను రాత్రిపూట చెరువులో వదిలేసి, పుణ్యం చేశామనుకుంటున్నవాళ్ళు మరో రకం. ఆ చెరువులోని చేపల గతి వాళ్ళకు పట్టదు. మలేషియాలో ఫ్లవర్‌హార్న్‌లు అలాగే వాగుల్లోకి చేరాయి. వద్దు, అది ఇంకో వ్యాసం.

ఇప్పుడు మీ ఇంట్లో ట్యాంకు ఉంటే లేచి వెళ్ళి చూడండి. పైమూలన నిలబడ్డ చేప ఒకటుంటే దాన్ని ఈరోజే వేరు చేయండి, ప్లాస్టిక్ టబ్బులో ఎయిర్ పంపు పెట్టి అయినా సరే. రాళ్ళు తీసి వేరేగా పేర్చండి, ఎవరి చోటు ఎవరిదో మళ్ళీ మొదటి నుంచి తేల్చుకుంటాయి. చూపు అడ్డంపడేలా రాళ్ళు, కుండపెంకులు పెట్టండి. కొట్టే చేపను షాపుకు తిరిగివ్వండి, డబ్బు రాకపోయినా. ఇంకా ట్యాంకు కొనకపోతే, రెండడుగులది తప్ప ఇంట్లో చోటు లేకపోతే, సిక్లిడ్‌ల జోలికి పోకండి. గప్పీలున్నాయి, ఆ చోటు వాటికి చాలు. షాపులో ఏ చేపనైనా వేలితో చూపించే ముందు ఒక్క ప్రశ్న వేయండి, "ఏడాది తర్వాత ఇది ఎంతుంటుంది, దీన్ని దేనితో కలపకూడదు?" అని. "ఏం కాదన్నా" అన్నాడంటే డబ్బులు జేబులోనే ఉంచుకుని బయటికి నడవండి.